అత్త ముంజేతి పిండి

మంగళవారం తెల్లవారుజామున మా మేనత్త పోయింది. నిద్రలోనే. హుస్నాబాద్‌లో మా వాడకట్టుకంతా నలుగుపిండి విసిరిపెట్టింది ఆమే. పసిపిల్లలకు సబ్బు అన్న మాట వినపడితే చాలు, అంతెత్తున లేచేది.

పెసలు, కచ్చూరాలు, ఎండిన గులాబీ రేకులు విసిరాక ఆఖరున బావంచాలు కలిపేది. నల్లటి చిన్న గింజలవి, రెండే చిటికెలు. "గవి ఎక్కువైతే ఎండ తాకినకాడ తోలు కాలుతది" అనేది. అందుకే ప్రతి పిండినీ ముందు తన ముంజేతికి రుద్దుకుని, కడుక్కుని, వాకిట్లో ఎండకు కూర్చునేది. రెండు రోజులు చూసుకున్నాకే పొట్లాలు కట్టేది.

నా పెళ్లప్పుడు మగపెళ్లివాళ్లు తొందరపెడుతున్నా నలుగు పెట్టనివ్వలేదు. "తోలు జర ఆలస్యంగ చెప్తది, కనీ అబద్ధం చెప్పది" అని చెయ్యి చూసుకుంటూ కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ చేతికి దండం పెట్టాలనిపిస్తుంది.

ఈమధ్య అత్తకు చూపు తగ్గింది. పోయిన ఆదివారం బావంచాలు నన్నే వెయ్యమంది. ఫోన్‌లో మాట్లాడుతూ వేశాను.

"రెండే చిటికెలేసినవా బిడ్డా?"

"ఆఁ, రెండే."

ఎన్ని వేశానో నాకే తెలియదు. అత్త నా మాట నమ్మింది. అయినా అలవాటు మానక ముంజేతికి రుద్దుకుని ఎండకు కూర్చుంది.

సోమవారం ఎదురింటి ముసలామె వచ్చింది. మర్నాడు మనవరాలి తొట్టెల వేడుక, తానానికి పిండి కావాలంది. అత్త ఒంట్లో బాగాలేక పడుకుని ఉంది. ఆమెను లేపకుండా నేనే పొట్లం కట్టి ఇచ్చేశాను.

మంగళవారం పొద్దున అత్తకు చివరి స్నానం చేయిస్తున్నాం. చెంబుతో నీళ్లు పోసి ఎడమచెయ్యి ఎత్తాను. ముంజేయంతా కందిపోయి బొబ్బలు లేచి ఉంది. చెంబు అక్కడే వదిలి ఎదురింటికి పరుగెత్తాను.

వాకిట్లో చాప మీద పసిపాప. అప్పుడే తానం పోసి ఎండకు పడుకోబెట్టారు. చేతులు చాచి వంగబోయాను.

"ఆగు!" ముసలామె అడ్డం పడింది. "పీనుగుకు తానం పోసిన చేతులు. ముట్టకు పిల్లను!"

"నేను ముట్ట. నువ్వే లేపు అవ్వా! నీడకు తీస్కపో! గా పిండిల బావంచాలు ఎక్కువైనయ్!"

దుఃఖంతో మతి తప్పిందనుకున్నారు. గొంతు పోయేలా అరిచాక గానీ బాలింత బిడ్డను ఎత్తుకోలేదు. పాప ఒంటి మీద ఏమీ లేదు. తమలపాకులా నున్నగా ఉంది. వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. నేను పీల్చుకోలేదు.

ఇది రాస్తున్నది గురువారం పొద్దున. మైల ఉంది గనక ఆ ఇంటి గడప తొక్కకూడదు. మా వాకిట్లోంచే చూస్తున్నాను. రోజూ ఈపాటికి తీసి ఉండే ఎదురింటి తలుపు ఇంకా తీయలేదు. లోపల పాప ఏడుస్తోంది, ఎత్తుకుని జోకొట్టే గొంతులు మారుతున్నా ఊరుకోవడం లేదు.