నేను చెప్పని ‘పద’

సెంగ్‌కాంగ్‌లో మా పక్క ఫ్లాట్ వాళ్ళ అమ్మాయి వానలో తడిసిన సాఫ్ట్‌బాల్ గ్లవ్‌ని చెప్పుల స్టాండ్ మీద ఆరబెట్టినప్పుడల్లా తోలూ చెమటా మట్టీ కలిసిన వాసన కారిడార్ అంతా నిండిపోతుంది. తాళంచెవి చేతిలో పట్టుకుని, తలుపు తెరవకుండా కాసేపు అలాగే నిలబడిపోతాను.

మేం ఇదే ఊళ్ళో యూ టీ పేటలో ఉన్న రోజులవి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమక పడతాయన్న భయం పుణ్యమా అని తెనాలి నుంచీ బందరు నుంచీ మా నాన్నలాంటి ప్రోగ్రామర్లు విమానాలెక్కి ఈ దేశానికి వచ్చేశారు. ఆదివారాలు ఎవరో ఒకరి హాల్లో చాపలు పరుచుకుని, లుంగీలు మడిచి కట్టి, ఎవరి ప్రాజెక్టు ఎన్నాళ్ళుంటుందో వాళ్ళు మాట్లాడుకుంటుంటే, అమ్మలు వంటింట్లో గారెలు వేస్తూ, ఉగాది వస్తే పచ్చడిలోకి వేపపువ్వు దొరకక లేత వేపాకే నలిపి కలుపుతూ ఉండేవాళ్ళు. పిల్లలం మాత్రం బ్లాకు కింద, స్తంభాల మధ్య చల్లటి గచ్చు మీద చెప్పులే బేసులుగా, పరుగెత్తి తాకాల్సిన గుర్తులుగా పెట్టుకుని, చెవులు గింగురుమనేలా అరుస్తూ పరుగెత్తేవాళ్ళం.

స్వాతి మా కింది అంతస్తులో ఉండేది. నాకన్నా రెండేళ్ళు చిన్నది, బందరు పిల్ల. మా స్కూలు సాఫ్ట్‌బాల్ జట్టులోకి దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది నేనే. నెల తిరక్కుండానే గడ్డి టోపీ పెట్టుకునే మా కోచ్ నా పేరు పిలవడం తగ్గించి, “స్వాతీ, షో దెమ్ లా!” అని ఇక్కడి యాసలో దాన్ని ఉసిగొల్పడం మొదలుపెట్టింది. అది బేసులు దొంగిలించే తీరు అలాంటిది. దొంగిలించడమంటే, ఎవరూ బంతిని కొట్టకపోయినా అది క్యాచర్‌కి చేరేలోపే తర్వాతి బేసుకి పరుగెత్తేయడం. బంతి విసిరే పిచ్చర్ దాన్ని వదిలాకే కాలు కదపాలన్నది మా ఆటలో నియమం. బంతి వదలడమూ స్వాతి బేసు మీద లేకపోవడమూ ఒకేసారి జరిగిపోయేవి. మోకాళ్ళు చీరుకుపోయినా నవ్వుతూ లేచేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. మా అమ్మ కూడా “ఆ పిల్ల చూడవే, ఎంత హుషారో!” అంటూ తన చేత్తో దానికి జడ వేసేది. నాకెప్పుడూ అంత నెమ్మదిగా చిక్కు తియ్యలేదు.

నాకు పరుగు తక్కువ, చూపు ఎక్కువ. ఏ పిచ్చర్ ఎప్పుడు నెమ్మది బంతి వేస్తుందో పట్టేసేదాన్ని. ఒకమ్మాయి పెదవి కొరుకుతుంది, ఇంకొకమ్మాయి మోచెయ్యి బయటికి తేలుతుంది. నెమ్మది బంతి క్యాచర్‌కి చేరేలోపు దొంగిలించేవాళ్ళకి రెండడుగులు కలిసొస్తాయి. అందుకే స్వాతి మొదటి బేసులో ఉన్నప్పుడల్లా కోచ్ నన్ను పక్కన నిలబెట్టేది. ఎదుటివాళ్ళకి అర్థం కాకుండా తెలుగులో చెప్పేదాన్ని: వెళ్ళాలంటే ‘పద’, వద్దంటే ‘ఆగు’.

జూనియర్ శిక్షణ జట్టుకి మా స్కూలు నుంచి ఒకరిని ఏరుకోవడానికి ఇద్దరు పెద్దవాళ్ళు వచ్చిన రోజు, వాన వెలిసి, మైదానం ఆవిర్లు కక్కుతోంది. నా వంతులో నేను అప్పటికే ఒక బేసు దొంగిలించి, పక్కకి వచ్చి నిలబడ్డాను. తర్వాత స్వాతి మొదటి బేసుకి చేరి, నా వైపు చూసి కన్ను కొట్టింది. పిచ్చర్ మోచెయ్యి బయటికి తేలింది. నెమ్మది బంతి. నాకు స్పష్టంగా కనిపించింది.

నేను నోరు విప్పలేదు.

బంతి తేలుతూ వెళ్ళి క్యాచర్ చేతిలో పడింది. స్వాతి ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. తర్వాతి బంతికి నన్నడక్కుండానే పరుగెత్తింది. అది వేగమైన బంతి. రెండో బేసు ఇంకా జానెడు దూరంలో ఉండగానే దాని భుజానికి బంతి పట్టిన గ్లవ్ తగిలింది, ఔట్.

సాయంత్రం నా పేరు చదివారు. స్వాతి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుని, “నేనే తొందరపడ్డానక్కా,” అంది. ట్రైన్‌లో ఇంటిదాకా ఏదో ఒకటి వాగుతూనే ఉంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. శిక్షణ జట్టులో నాలుగు నెలలు కూడా నిలవలేకపోయాను. అక్కడందరూ స్వాతిలా పరుగెత్తేవాళ్ళే. ఆ ఏడాది చివర్లో వాళ్ళ నాన్న ప్రాజెక్టు అయిపోయి, వాళ్ళు హైదరాబాదు వెళ్ళిపోయారు. వీడ్కోలుకి కిందికి దిగకుండా, తలనొప్పి అని పడుకున్నాను.

మొన్న స్వాతి ఆఫీసు పని మీద చాంగీ బిజినెస్ పార్క్‌కి వచ్చి ఫోన్ చేసింది. ఎక్స్‌పో స్టేషన్ దగ్గర కాఫీ తాగుతూ, ఆ రోజు నెమ్మది బంతి అని తెలిసీ ‘పద’ అనలేదని ఇన్నేళ్ళకి చెప్పేశాను.

“నాకు తెలుసక్కా,” అంది.

“ఎప్పట్నించి?”

“అప్పుడే. నెమ్మది బంతి అని నీకు తెలిస్తే నీ కనుబొమలు లేచేవి. ఆ రోజూ లేచాయి.”

“మరి ఎవరికీ చెప్పలేదేం?”

“చెప్తే నాతో ట్రైన్‌లో ఇంటికి ఎవరొస్తారు?” అని నవ్వేసింది. తను ఆ తర్వాత ఎక్కడా ఆడలేదట; హైదరాబాదులో ఆ ఆట పేరే ఎవరూ వినలేదట. ఆ మాట కూడా నవ్వుతూనే చెప్పింది.

మేం ఆడిన మైదానంలో ఇప్పుడు ఇరవై అంతస్తుల ఇళ్ళు లేచాయి. ఆదివారం చాపలు పరిచిన కుటుంబాలలో ఇక్కడ మిగిలింది మేమొక్కళ్ళమే. స్వాతి ఎస్కలేటర్ మీద పైకి వెళ్తూ చెయ్యి ఊపింది. పన్నెండేళ్ళ వయసులో అంతా తెలిసి కూడా నా పక్కనే కూర్చుని ఇంటిదాకా కబుర్లు చెప్పగలిగిన ఆ పిల్లని చూస్తే నాకు మళ్ళీ అసూయే కలిగింది, ఈసారి ఆమె పరుగు మీద కాదు.