కొండ బొమ్మ ఉన్న టైర్లు

మా వియ్యంకుడు పోయారు. మంగళవారం పొద్దున అల్లుడు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "నాన్న పోయిండు మామా" అన్నాడు. అలాంటప్పుడు మనిషికి ఏడుపు రావాలి. నాకు రాలేదు. ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తాను. ఆ ఏడాది మొదటి మంచు అప్పుడే పడుతోంది. మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే కుర్రాడి ఎర్ర స్పోర్ట్స్ కారు ఇంటి ముందు నిలబడి ఉంది. దానికి పాత టైర్లే ఉన్నాయి. ముందురోజు సాయంత్రమే నేను ఆసుపత్రిలో వియ్యంకుడి చెయ్యి పట్టుకుని, ఆ టైర్లు మార్పించేశానని చెప్పాను.

ఆ అబద్ధం మింగేసి ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం నాకు చేతకాదు. నేను ఐదో తరగతి దాటినవాణ్ణి కాను. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. మధ్యలో ఆగి కళ్లు తుడుచుకుంటోంది, మళ్లీ రాస్తోంది. ఆయన దానికి మామగారు మరి.

నేను గుంటూరులో ముప్ఫై ఏళ్లు లారీ టైర్లతో బతికాను. కర్రతో కొట్టి, మోత విని, లోపల గాలెంతుందో చెప్పేవాణ్ణి. ఆయన కరీంనగర్ వైపు మనిషి. ఇక్కడికి నాకంటే చాలా ముందే వచ్చి, టొరంటో దగ్గర ఈ కేంబ్రిడ్జ్‌లోనే ఒక టైర్ల షాపులో రిటైరయ్యే దాకా పనిచేశారు. పెళ్లిచూపులకు మా ఇంటికి వచ్చినప్పుడు పిల్లను చూసిందానికంటే నా షాపులో టైర్లను ఎక్కువసేపు చూశారు. ఆయనకు నేను బావగారిని, నాకు ఆయన బావగారు. నేను అమ్మాయి దగ్గరికి వచ్చాక అందరం ఒకే ఇంట్లో ఉన్నాం. ఆ ఇంటి గ్యారేజీలో రెండు కుర్చీలు వేసుకుని ప్రతిరోజూ పోట్లాడుకునేవాళ్లం. నాకు ఇక్కడ ఇంకెవరితోనూ అంత మాట సాగలేదు.

ఆయనకొక అలవాటు ఉంది. ఫ్రీజర్‌లో గోంగూర పొట్లాల పక్కన రెండు రబ్బరు ముక్కలు పెట్టుకునేవారు. పాత టైర్ల నుంచి కోసినవి, జానెడు పొడుగు. వియ్యపురాలు ఉన్నన్నాళ్లూ వాటిని పారేస్తానని తిట్టిందట, ఆవిడ పోయాక తిట్టేవాళ్లు లేరు. అవి మన తెలుగు పిల్లలు చదువుల కోసం ఈ దేశంలో విమానాల నిండా దిగుతున్న రోజులు. పొద్దున కాలేజీ, ఆ తర్వాత గోడౌన్‌లో షిఫ్టు. ఆ గోడౌన్లకు బస్సులు సరిగా ఉండవు, అందుకని నలుగురు కలిసి ఒక పాత కారు కొనేవాళ్లు. అక్టోబర్ రాగానే ఒక్కొక్కరే మా గ్యారేజీకి వచ్చి, "అంకుల్, టైర్లు చూడరా" అనేవాళ్లు.

ఆయన లోపలికెళ్లి ఆ రెండు ముక్కలూ తెచ్చి చేతిలో పెట్టేవారు. "వంచు బిడ్డా" అనేవారు. మొదటిది కట్టెలా ఉండేది, ఎంత బలం పెట్టినా వంగేది కాదు. రెండోది చల్లగా ఉండి కూడా వంగేది. "గింతే ముచ్చట. ఎండకాలం రబ్బరు చలికి కట్టె అయితది. కట్టెలు కట్టుకొని మంచుల ఉరుకుతవా?" అంతకు మించి ఉపన్యాసం ఉండేది కాదు. ఆ పిల్లల టైర్లన్నీ ఆయనే ఎంపిక చేసేవారు. బొటనవేలి గోరు రబ్బరులోకి గుచ్చి, దిగితేనే తీసుకోమనేవారు.

నాకూ నేర్పాలని చూశారు. "బావగారూ, ఇంగ్లిష్ రాదని ఫికర్ జెయ్యకుండ్రి. బొమ్మ కనబడ్తది గద. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని నడుమ మంచుపువ్వు. గదుంటే చలికాలం టైరు."

"బొమ్మలు చూసి టైర్లు కొనే ఖర్మ నాకు పట్టలేదు బావగారూ" అన్నాను. చదువు రానివాడని ఎత్తిపొడిచారనుకున్నాను. ఆయన మనసులో అది లేదని ఇప్పుడు తెలుస్తోంది.

మా బేస్‌మెంట్ కుర్రాడు ప్రణీత్‌ది నల్లగొండ. ఊరు వదిలి వెళ్తున్న ఎవరి దగ్గరో ఆ రెండు సీట్ల కారు కొన్నాడు. ముందు టైర్ల కంటే వెనక టైర్లు ఇంకా వెడల్పు. వాటిని చూసుకుని మురిసిపోయేవాడు. ఆయన గోరు గుచ్చి చూసి, "ఇవి ఎండకాలంవి. నాలుగూ మార్చాలె" అన్నారు.

నేను ఊరుకుంటేగా. గాట్లలో వేలు పెట్టి చూపించాను. "ఇంత లోతున్నాయి, కొత్తవాటిలా ఉన్నాయి. రబ్బరు చూడు, రాయి. మా దగ్గర ఇలాంటి గట్టి రబ్బరు కోసం వెతుక్కుంటాం. అరగదు, కరగదు. రెండేళ్లు చూసుకోనక్కర్లేదురా" అన్నాను. మా ఎండల్లో మెత్తని రబ్బరు తారురోడ్డు మీద నెలల్లో అరిగిపోతుంది. గట్టిదే మంచిదని ముప్ఫై ఏళ్లు నమ్మినవాణ్ణి.

"గుంటూరు ఎండను సూట్‌కేసుల పెట్టి తెచ్చుకున్నరా బావగారూ?" అన్నారాయన. ప్రణీత్ పగలబడి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. కుర్చీ తోసేసి లేచాను. కుర్రాడికి మాత్రం నా మాటే నచ్చింది, ఆ వెడల్పు టైర్లు కారుకు అందం కదా. "సరే తియ్యి. గా టైర్లు మార్చేదాంక నేనైతే ఈ కారెక్క" అన్నారాయన. ఎక్కలేదు కూడా. ఒకసారి వానలో బస్‌స్టాపు నుంచి తడుస్తూ నడిచొచ్చారు, పక్కన ప్రణీత్ కారు ఆపి బతిమాలుతున్నా.

నవంబర్‌లో ఆయన ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆసుపత్రిలో మూతికి మాస్కు పెట్టారు. నేను వెళ్లినప్పుడల్లా దాన్ని పక్కకు జరిపి ఒకటే ప్రశ్న. "పిలగాడు టైర్లు మార్చిండా?" నర్సు మాస్కు సర్దేది, ఆయన మళ్లీ జరిపేవారు. మూడు రోజులు మాట దాటేశాను. టైర్లు మార్పించాలంటే నేను ప్రణీత్ ముందు నిలబడి, నాకు తెలియదు, ఆయనే కరెక్టు అనాలి. ఆ మాట నా నోట రాదు. సోమవారం ఆయన అడగడానికి కూడా ఊపిరి చాలలేదు, కళ్లతో అడిగారు.

"మార్పించాను బావగారూ. నాలుగూ" అన్నాను.

"కొండ బొమ్మ చూసిండ్రా?" ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని అడిగారు.

"చూశాను."

నా బొటనవేలి మీద ఆయన గోరు పెట్టి మెల్లగా నొక్కారు, టైరును నొక్కినట్టు. కళ్లు మూసుకున్నారు. నాకు ఆయన చివరి మాట అదే.

మళ్లీ మంగళవారానికి వస్తాను. ఆయన కూతురు దేశానికి ఆ చివర బర్నబీలో ఉంటుంది. తండ్రికి బాగాలేదని అప్పటికే బయల్దేరింది. మధ్యాహ్నానికి టొరంటోలో విమానం దిగుతుంది. అల్లుడు ఆసుపత్రిలో కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. "అక్కను నేను తీస్కొస్త అంకుల్" అంటూ ప్రణీత్ తాళాలు తీసుకుని బయటికి వెళ్లాడు. హైవే మీద గంట ప్రయాణం. మంచు పెద్దదైంది. నేను ఇంటి చెప్పులతోనే పరిగెత్తి కారు వెనక నిలబడ్డాను.

"జరగండి అంకుల్, లేటయితది!"

"కదిలితే నా మీద నుంచి పోవాలి."

"ఏమైందంకుల్? మీరే కద టైర్లు మస్తుగున్నయన్నరు!"

"తప్పు చెప్పానురా. ఈ చలి గురించి నాకేమీ తెలియదు. ఆయన చెప్పిందే నిజం. నా పొగరు కొద్దీ నిన్ను చంపబోయాను, దిగు."

వాడు నమ్మలేదు. దుఃఖంలో ఉన్నానని అనుకున్నాడేమో, దిగి నన్ను మెల్లగా పక్కకు జరిపి, మళ్లీ కూర్చుని కారు వెనక్కి తీశాడు. మా ఇంటి ముందు వాలు ఏపాటిది? పిల్లలు సైకిలు తొక్కుకునే వాలు. ఆ కాస్త దూరంలోనే వెనక చక్రాలు పక్కకు తిరిగిపోయాయి. వాడు బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు, కారు జారుతూనే ఉంది. చెత్తడబ్బాను పడగొట్టి రోడ్డు అంచున ఆగింది. వాడు దిగాడు. తాళాలు నా చేతిలో పెట్టాడు. నేను కారు మీద తల పెట్టి అప్పుడు ఏడ్చాను. ఆయన కూతురు టాక్సీలో వచ్చింది.

మర్నాడు ఇద్దరం బయల్దేరాం, బస్సుల్లో. మొదటి మంచు పడ్డాక టైర్ల షాపుల్లో నిలబడే చోటుండదు. ఆ వెనక వెడల్పు సైజులో చలికాలం టైరు ఎక్కడా లేదన్నారు. నాలుగో చోట, ఊరి చివర పాత సామాన్ల యార్డులో, చిన్న రిమ్ములకు ఎక్కించి ఉన్న సన్నటి టైర్లు నాలుగు దొరికాయి. మన కారుకు పడతాయని యార్డు అతను కొలిచి చెప్పాడు.

"సన్నగున్నయ్ అంకుల్, కారు లుక్ పోతది" అన్నాడు ప్రణీత్, ఏడుపు మొహంతో.

"లుక్కు సంగతి మంచు పోయాక ఏప్రిల్‌లో చూసుకుందాం" అన్నాను.

మంచులో మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క టైరు పక్కంతా వేలితో తడిమాను. మొదటిదానికి కొండ ఉంది. రెండోదానికీ, మూడోదానికీ ఉంది. నాలుగోదానికి లేదు. అదే గాట్లు, అదే సైజు, బొమ్మ మాత్రం లేదు. మంచు తుడిచి మూడుసార్లు చూశాను. అన్నీ ఒకటేనని యార్డు అతను ఇంగ్లిష్‌లో అన్నాడట, ప్రణీత్ చెప్పాడు. "కాదని చెప్పు. బొమ్మ లేదని చెప్పు" అన్నాను. అతను లోపలికెళ్లి ఇంకోటి దొర్లించుకొచ్చే దాకా నేను అక్కడి నుంచి లేవలేదు. ముప్ఫై ఏళ్ల టైర్లవాణ్ణి, బొమ్మలు చూసి టైర్లు కొన్నాను.

యార్డు అతను ఆ సాయంత్రమే వాటిని ట్రక్కులో తెచ్చి కారుకు బిగించాడు. శుక్రవారం దహనమైంది. ఆదివారం ఆయన కూతురు అస్థికలు గోదావరిలో కలపడానికి మన ఊరికి బయల్దేరింది, టొరంటో విమానాశ్రయం దాకా కారులో వెళ్లాలి. అల్లుడి పెద్ద కారు ఉంది. అయినా నేనే అడిగాను, ఆయనను ప్రణీత్ కారులో పంపండమ్మా అని. ఆ అమ్మాయి కారణం అడగలేదు. తెల్లగుడ్డ కట్టిన కలశాన్ని ఒళ్లో పెట్టుకుని ఎర్ర కారులో కూర్చుంది. ప్రణీత్ ఇంజిన్ స్టార్ట్ చేశాడు.

"ఆగరా" అని కారు చుట్టూ తిరిగి, నాలుగు చక్రాలకూ గోరు గుచ్చి చూశాను. దిగింది. కిటికీ దగ్గరికి వంగి, "మార్పించాను బావగారూ" అన్నాను.

కారు వాలు దిగి, జారకుండా మలుపు తిరిగింది. ఆ సన్నటి టైర్ల జాడలు మంచులో రెండు గీతల్లా రోడ్డు దాకా ఉన్నాయి. మంచు పడి అవి పూడిపోయే దాకా నేను అక్కడే నిలబడి ఉన్నాను.