బొట్టు పెట్టిన రిటర్న్ టికెట్

ఉప్పల్ నుంచి నాచారం దాకా మావారికి తెలియని రూలంటూ లేదు. కొన్నేళ్ల కిందట, ఇంకా స్మార్ట్‌ఫోన్లు రాని రోజుల్లో మేమిద్దరం నాలుగు రోజులు హాంకాంగ్ బయల్దేరినప్పుడు కాలనీలో ఇంటింటికీ క్లాసు చెప్పారు. "పద్నాలుగు రోజుల దాంక మనకు వీసానే అక్కర్లేదు. ఇగ కాగితాల ఫికరెందుకు?"

మా అత్తమ్మ మాత్రం పాస్‌పోర్టులు, రానుపోను టికెట్ల ప్రింట్లు అన్నీ దేవుడి ముందు పెట్టి, కుంకుమ బొట్లు పెట్టింది. పొద్దున హడావిడిలో మావారు పాస్‌పోర్టులు, వెళ్లే టికెట్లు తీసుకున్నారు. వచ్చే టికెట్లు దేవుడి దగ్గరే ఉండిపోయాయి.

హాంకాంగ్‌లో దిగగానే ఆఫీసరు అడిగింది అవే. వీసా లేకుండా వచ్చినవాళ్లు తిరిగి వెళ్తారని రుజువు కావాలట. లేకపోతే అటునుంచి అటే వెనక్కి పంపిస్తారట. మమ్మల్ని ఒక గదిలో కూర్చోబెట్టారు. కాలనీకి క్లాసు చెప్పిన మనిషి జేబులన్నీ మళ్లీ మళ్లీ తడుముకున్నారు.

నేనే ఇంటికి ఫోన్ చేసి, ఆఫీసరు ఇచ్చిన ఫ్యాక్స్ నంబరు చెప్పాను. అత్తమ్మ చౌరస్తాలోని జిరాక్స్ షాపుకు వెళ్లి ఫ్యాక్స్ చేయించింది. వచ్చిన కాగితం మీద సరిగ్గా తేదీ పక్కన నల్లటి మరక. ఏమిటిదని ఆఫీసరు అడిగితే మావారు వేలు పైకి చూపించారు. పాపం, అతను సీలింగ్ వంక కాసేపు చూసి ముద్ర కొట్టాడు.

తిరిగొచ్చాక మావారు అత్తమ్మ మీద పడ్డారు. "నువ్వు దేవుని ముంగట పెట్టవట్టే గద ఇంత లొల్లయింది."

"దేవుని ముంగట పెట్టినందుకే నిన్ను ఇడిసిపెట్టిన్రు కొడుకా" అన్నది ఆమె.

ఆ తర్వాత మావారు ఎవరికీ రూల్స్ చెప్పలేదు. సరిగ్గా పద్నాలుగు రోజులు.