మెట్ల మీద కావ్యం

మొన్న రాయదుర్గంలో మెట్రో ఎక్కి కూర్చున్నానో లేదో, పక్క సీటులో వాళ్లమ్మ ఫోను పట్టుకుని ఏదో కథ చదువుకుంటున్న పదేళ్ల పాప ఒక్కసారిగా ఆగి, బొటనవేలు గాల్లో ఉంచి ఆలోచనలో పడింది. తొంగిచూస్తే, రాకుమారి కోటలోకి వెళ్లాలా, అడవిలోకి వెళ్లాలా అని తెర మీద రెండు దారులు. అడగని సలహా ఇవ్వడం నా వయసువాళ్లకు అలవాటే కనుక, అడవే మంచిదన్నాను. ఆ పాప నన్ను ఎగాదిగా చూసి, కోట మీదే నొక్కింది. నాకు నవ్వొచ్చింది. దాంతోపాటు, ఒకప్పుడు కొండాపూర్‌లో మేం అద్దెకున్న ఐదంతస్తుల అపార్ట్‌మెంటు మెట్లూ గుర్తొచ్చాయి.

అప్పటికి మావారి బదిలీ వల్ల, కోస్తాలో ఓ జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే నా ఉద్యోగం మానుకుని, హైదరాబాదు వచ్చి ఏడాది. చుట్టూ అద్దాల మేడలు లేస్తున్న రోజులు; మా అపార్ట్‌మెంటు పిల్లల అమ్మానాన్నలంతా ఇంచుమించు కంప్యూటరు ఉద్యోగులే. వేసవి సెలవుల్లో ఆ పిల్లల్ని పోగుచేసి, మా నాన్నగారు నాకు పాఠం చెప్పిన ఒక పాత కావ్యం వినిపిద్దామని బుద్ధి పుట్టింది. ఓడ వ్యాపారానికి వెళ్లి తిరిగిరాని అన్నను వెతుక్కుంటూ ఒక వర్తకుడి కూతురు ఒంటరిగా బయలుదేరే కథ అది. మొదటి రోజు పదకొండు మంది వచ్చారు. నాలుగో రోజుకి మా అమ్మాయి ఒక్కతే మిగిలింది, అదీ వేరే గతి లేక.

ఆ రోజు, పొంగుతున్న ఏటి ఒడ్డున ఆ పిల్ల పడవ ఎక్కబోయే ఘట్టం చదువుతుంటే, "ఎక్కకపోతే ఏమవుతుందమ్మా?" అని అడిగింది మా అమ్మాయి. కవి రాసింది మార్చడానికి మనమెవరమే అని కసిరాను. కసిరానే గానీ, బియ్యం కడుగుతున్నా బట్టలు ఆరేస్తున్నా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నిజమే, ఎక్కకపోతే?

మర్నాడు పాత క్యాలెండరు కాగితాలు తిరగేసి, వాటి వెనక కథను ముక్కలుగా రాసి, మెట్ల మలుపుల్లో అంటించాను. పడవ ఎక్కేవాళ్లు మూడో అంతస్తుకు వెళ్లాలి, ఒడ్డున ఆగేవాళ్లు రెండో అంతస్తుకు. ప్రతి కాగితం మీదా కావ్యంలోని పద్యం ఒకటి. ఏ దారిలో ముప్పు పొంచి ఉందో ఆ పద్యంలోనే సూచన. పద్యం అర్థం చేసుకోకుండా గుడ్డిగా వెళితే దొంగల చేతిలో పడాల్సిందే.

పిల్లల్లో సగం మందికి తెలుగు కూడబలుక్కోవడమే గగనం. అయితేనేం, ఊళ్లనుంచి వచ్చిన అమ్మమ్మలనీ తాతయ్యలనీ చేయి పట్టి లాక్కొచ్చారు. మోకాళ్ల నొప్పులంటూ గడప దాటని మూడో అంతస్తు బామ్మగారు పద్యాన్ని రాగం తీసి చదివి, అర్థం చెప్పి, పిల్లలకన్నా ముందు తనే పై మెట్టెక్కేసేవారు. వంటింట్లో ఆ పరుగుల చప్పుడు వింటూ నేను పొంగిపోయేదాన్ని, ఓ రోజు పప్పు మాడిందని కూడా చూసుకోలేదు.

కొత్తగా రంగులేయించిన గోడలకు జిగురు పూశానని మా అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శిగారికి కోపం వచ్చింది. భీమవరం వైపు మనిషి. కాగితాలన్నీ పీకేస్తానని స్వయంగా మెట్లెక్కారు. అరగంటైనా అలికిడి లేదు. చివరికి మా తలుపు కొట్టి, "ఏవండీ, నేను ఒడ్డునే ఆగిపోయాను, పడవ వెళ్లిపోయింది. ఇప్పుడెటు పోవాలండీ?" అన్నారు. మర్నాటికి, జిగురు లేకుండా వేలాడదీసుకోమని, ఆయనే అట్టలూ పురికొసా పంపించారు.

అంతా బాగుందనుకుంటుండగా, ఎనిమిదేళ్ల పాప ఒకతె ఐదో అంతస్తు మెట్ల మీద చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఏ దారిన వచ్చినా చివరి కాగితం ఒక్కటే: అన్న సన్యాసిగా కనిపిస్తాడు, చెల్లెల్ని గుర్తుపట్టడు. కవి అలాగే ముగించాడు, నేనూ ఆయన గీసిన గీత దాటలేదు. మూడు దారుల్లో మూడుసార్లు ఎక్కొచ్చిన ఆ పాప, ఆంటీ చీటింగ్ చేసిందని తేల్చేసింది. మర్నాడు మెట్లు బోసిపోయాయి.

ఆ సాయంత్రం కూరగాయలు తెచ్చుకుని వస్తుంటే, గేటు దగ్గర మా వాచ్‌మన్ మొహమాటంగా దగ్గరికొచ్చాడు. నార్సింగి మనిషి, కౌలుకు చేసుకునే పొలాల్లో ఇళ్లు లేచాక ఈ కొలువులో చేరాడు. పిల్లల చదువు కిందనుంచి రోజూ వింటూనే ఉండేవాడట.

"మేడం, తొవ్వలు గిన్ని వెట్టి, ఇల్లు ఒక్కటే కడితె ఎట్ల? పిల్లలు పరేషాన్ అయితున్నరు. మా నాయినమ్మ గిసొంటి కతనే చెప్పేది. అండ్ల చెల్లె, వాళ్లమ్మ పాడిన జోలపాటనే పాడ్తది. ఇగ అన్న గుర్తువట్టకుంట ఉంటడా?"

నాకు చురుక్కుమంది. ఏళ్ల తరబడి కావ్యపాఠాలు చెప్పినదాన్ని, నాకు ఈయన నేర్పేదేమిటి అనుకున్నాను. కానీ ఆయన అక్కడే నిలబడి ఆ జోల రెండు చరణాలు నెమ్మదిగా పాడేసరికి, సంచి కింద పెట్టి వింటూ ఉండిపోయాను.

మర్నాడు ఐదో అంతస్తునుంచి డాబా మీదికి కొత్త దారి తెరిచాను. అక్కడ కాగితం లేదు, వాచ్‌మనే ఉన్నాడు. పైకి చేరిన పిల్లలకు ఆయన జోల పాడాడు, అన్న చెల్లెల్ని గుర్తుపట్టాడు. ఏడ్చిన పాప ఆయన చెయ్యి పట్టుకుని మళ్లీ మళ్లీ పాడించుకుంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మరి పుస్తకంలో అన్న ఎందుకు గుర్తుపట్టలేదు?" అంది. ఆ మాట కోసమే కదా నేను సెలవులన్నీ తంటాలు పడ్డది! డాబా మీద చాపలు పరిచి, మూడు సాయంత్రాలు ఆ కావ్యం చివరిదాకా చదివాను. పదకొండు మంది పిల్లలూ కదలకుండా విన్నారు, బామ్మగారైతే కళ్లు తుడుచుకున్నారు.

ఇప్పుడు మేం నల్లగండ్లలో ఉంటున్నాం. లిఫ్టు ఆగిపోతే తప్ప మెట్లతో పనిలేదు. మా అమ్మాయి ఆ అద్దాల మేడల్లోనే ఒకదాంట్లో ఉద్యోగం చేస్తోంది. ఆ వేసవి మాట వస్తే, ప్రశ్న నాదే కదమ్మా అని ఇప్పటికీ వాటా అడుగుతుంది. పిల్లలకు ఇప్పుడు ఫోనులో మాట మీద వేలు పెడితే చాలు, అర్థం పలుకుతుంది. మంచిదే. పద్యానికి అర్థం అడుగుతూ పక్కింటి తలుపు కొట్టే అవసరం మాత్రం తీరిపోయింది.

వాచ్‌మన్ తర్వాత ఎక్కడ పనికి కుదిరాడో తెలియదు. కావ్యం నా అలమరలో ఉంది, ఏ పద్యం కావాలన్నా పుట తిప్పుకోవచ్చు. ఆయన జోల మాత్రం నేను రాసుకోలేదు. రోజూ గేటు దగ్గర కనిపించే మనిషే కదా, ఎప్పుడైనా అడగొచ్చులే అనుకున్నాను. ఒక్కోసారి పని చేసుకుంటుంటే రాగం దానంతటదే నోటికొస్తుంది. మాటలు రావు.