అరవై ఏళ్ల నలుపు

ఈమధ్య సెలూన్‌కు వెళ్లాలంటే బెంగగా ఉంటోంది. తువ్వాలు కప్పీ కప్పకముందే ఆ కుర్రాడు "సార్, రంగేద్దామా?" అంటాడు. వద్దంటే నా తలవైపు, అద్దంలో నా మొహంవైపు, మళ్లీ తలవైపు జాలిగా చూస్తాడు. ఈ పరామర్శ భరించలేక రెండు నెలలకోసారి వెళ్తున్నాను. అతనికి తెలియనిదేమిటంటే, నల్లటిదాన్ని తెల్లగా, తెల్లటిదాన్ని మళ్లీ నల్లగా చేయడంలో నాకు పూర్వానుభవం ఉంది. అయితే అది తలకు సంబంధించినది కాదు. (తల వాడి ఉంటే ఆ గొడవే జరిగేది కాదు.)

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, బీఎస్సీలో చేరిన మూడు నెలలకే లోకంలో మనకు తెలియని పదార్థమంటూ మిగిలేది కాదు. నేను మరిపెడ నుంచి వచ్చి వరంగల్‌లో మేనమామ ఇంట్లో ఉంటూ, హన్మకొండ కాలేజీకి సైకిల్ మీద పోయేవాణ్ని. కిరాణా దుకాణం నడిపే మామ పెట్టిన షరతు ఒక్కటే: "ఇంట్ల సామాన్లు ముట్టకు. ముట్టినవా, మరిపెడ బస్సెక్కిస్త." మరిపెడలో మా నాన్న, ఆయన మిరపచేను నా కోసం ఎదురుచూస్తున్నారు కాబట్టి ఆ షరతును నేను గౌరవించేవాణ్ని, ఒక్క ఆదివారం తప్ప.

మామకు తండ్రి ఇచ్చిన నిజాం కాలపు వెండి రూపాయి ఒకటుండేది. మీద చార్మినార్ బొమ్మ, బొమ్మ మీద బొగ్గులాంటి నలుపు. ఇంటికి ఎవరొచ్చినా అత్తతో తెప్పించి చూపించేవాడు. "అరవై ఏండ్ల నలుపు! మా బాపు చేతుల కెల్లి నా చేతికొచ్చింది. మధ్యల ఒక్కలు కడగలె." వెండి దుకాణం ఉన్న ఆయన స్నేహితుడికి పాత నాణేల పిచ్చి. జేబులో భూతద్దం లేకుండా గడప దాటడు గనక అందరూ భూతద్దం సావుకారనేవారు. ఆయన ఆ రూపాయికి బదులు తన దుకాణంలోని పాత వాల్వు రేడియో ఇస్తానన్నాడు. అత్త అప్పుడే గూడు ఖాళీ చేసి, రేడియో మీదికి పూలగుడ్డ కూడా కుట్టేసింది.

ఆ ఆదివారం రూపాయి బయట అల్మారా మీద కనిపించింది. వెండి మీద నలుపు సిల్వర్ సల్ఫైడ్ అని తెలిసీ ఊరుకోవడం చదువును అవమానించడమే అనిపించింది. పైగా, కొత్తదానిలా మెరిస్తే సావుకారు ఇంకా పెద్ద రేడియో ఇవ్వచ్చు కదా. ల్యాబ్ నుంచి సిరాబుడ్డిలో తెచ్చుకున్న నైట్రిక్ యాసిడ్‌లో నీళ్లు కలిపి, డాబా మీద ఎండలో కూర్చుని, రూపాయిని రెండు నిమిషాలు ముంచి వేళ్లతోనే తీశాను. చార్మినార్‌కు సున్నం కొట్టించినట్టయింది. (మినార్లు కొద్దిగా సన్నబడ్డాయి, కానీ నాలుగూ ఉన్నాయి.)

కిందికి దిగేసరికి మామ అత్తతో అంటున్నాడు: "మంగళారం రేడియో మనింట్ల ఉంటది. సావుకారుకు మందుల కడగని రూపాయే కావాల్నట. మనదాన్ని ఎవలు కడిగిన్రు? ఫికర్ లేదు."

ఫికరంతా నాకు వచ్చింది. సాయంత్రానికి దానికి తోడు, యాసిడ్‌లో కరిగిన వెండి వేళ్లకంటుకుని, ఎండకు నల్లబడి, ఎంత తోమినా పోనని కూర్చుంది. అత్త అడిగితే సిరా అన్నాను. సోమవారం ల్యాబ్‌లో లవణాల పరీక్షకు వాడే గ్యాస్ (కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది, అంతకుమించి దాన్ని పరిచయం చేయనక్కర్లేదు) రూపాయికి పట్టించాను. అరవై ఏళ్ల పని పది నిమిషాల్లో అయింది. మామ దుకాణం నుంచి వచ్చేలోగా రూపాయి మళ్లీ అల్మారా మీద ఉంది.

మంగళవారం మామ, అత్త, రేడియో మోయడానికి నేను సావుకారు దుకాణానికి వెళ్లాం. ఆయన రూపాయిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి భూతద్దంతో చూశాడు.

"అక్షరాల సందులల్ల నలుపుండాలె, అరిగిన కాడ తెల్లగుండాలె. గిదేంది, పెనం అడుగు లెక్క అంతట ఒక్కతీరుగున్నది? దీన్ని మందుల ముంచిన్రు."

"నా మాట మీద నమ్మకం లేదానె?" మామ గొంతు పెరిగింది. "మా అల్లుడు కాలేజీల గీ మందుల సదువే చదువుతాండు. ఆన్నే అడుగు!"

రూపాయిని వెలుతురుకు ఎత్తిపట్టి, నుదురు చిట్లించి, పాఠ్యపుస్తకంలా చెప్పాను: "రసాయనచర్య జరిగిన దాఖలాలేవీ కనిపించడం లేదు."

భూతద్దం రూపాయి మీది నుంచి మెల్లగా నా వేళ్ల మీదికి జరిగింది.

"పిలగా, నా దగ్గర వెండి కడిగేటోళ్ల వేళ్లు సుత గిట్లనే ఉంటయి. ఏమైంది?"

"సిరా."

"జర ఉమ్మి పెట్టి రుద్దు."

రుద్దాను. దుకాణంలో ఆ క్షణాన అసలైన నలుపు ఏదైనా ఉందంటే అది నా వేళ్ల మీదే ఉంది. మొత్తం చెప్పేశాను, గ్యాస్ వాసనతో సహా. మామ రూపాయిని చూడలేదు, సావుకారును చూడలేదు. "పొద్దుగాల ఫస్టు బస్సు," అన్నాడు నాతో. "పుస్తకాలు సుత సదురుకో."

చదివిన మూడు పాఠాలతో లోకాన్నంతా తోమి మెరిపించగలననుకున్న ఆ పద్దెనిమిదేళ్లవాడంటే నాకిప్పుడు ముచ్చటే. వేళ్ల నలుపు పదిహేను రోజులకు పోయింది గానీ, నా తెలివి మీద నాకు అంత నమ్మకం మళ్లీ ఎప్పుడూ కలగలేదు. ఆ బస్సు మాత్రం నేనెక్కలేదు. పైగా సావుకారు నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, రూపాయి వద్దు గానీ రేడియో తీసుకుపొమ్మని నా నెత్తికెత్తాడు. దానంతటికీ కారణం, అప్పటిదాకా రేడియో మీద చెయ్యేసి నిలబడ్డ అత్త మామవైపు తిరిగి అన్న మాట:

"ఏటా దీపావళికి నువ్వు దుకాణంల పూజకు పోంగనే నేను గా రూపాయిని చింతపండు పెట్టి తోమి లచ్చిమి ముందట పెడుత, తీసి ఇంగువ డబ్బాల పడేస్తె మల్ల నల్లగయితది. పదేండ్ల సంది నీకు తెల్వకపాయె, పిలగాడు ఒక్కపారి కడిగితె బస్సెక్కిస్తవా?"