పొట్టేలు యాడుండాది?

రెండేళ్లు వానల్లేక వేరుశనగ ఎండిపోయాక, మా ఆయన కర్ణాటక మద్యం ప్యాకెట్లు ఆటోలో దొంగచాటుగా తెచ్చి మడకశిరలో అమ్మేవాడు. ప్యాకెట్ల మీద మేత కప్పి, ఆ పైన మా పొట్టేలును కట్టేవాళ్లం. ఎవరైనా ఆపితే సంతకు పోతున్నామని చెప్పడానికి పక్కన నేనుండేదాన్ని.

ఒక మధ్యాహ్నం మా ఆటోకు జీపు అడ్డం వచ్చింది. దిగిన వాళ్ల చేతుల్లో వేటకొడవళ్లున్నాయి.

"ఏమప్పా, పొట్టేలు ఈ దావనే వచ్చిందంట. యాడుండాది?" అన్నాడొకడు.

మా ఆయన చేతులు జోడించాడు. "వెనకాల కట్టేసినానన్నా. తీసుకోండి, దుడ్లేమీ వద్దు. మమ్మల్ని ఇడ్సిపెట్టండి."

వాడు వెనక్కి వచ్చి కొడవలితో మేత కెలికాడు. ప్యాకెట్లు బయటపడ్డాయి. వాడు పొట్టేలునూ మా ఆయన్నూ మార్చి మార్చి చూస్తుండగా ఫోన్ మోగింది.

"పొట్టేలు దొరికినాడా? ఆడనే పట్టుకోండి, వస్తాండాం," అంటూ జీపెక్కేశాడు.

ఈసారి దొరికిందా అనలేదు, దొరికినాడా అన్నాడు. వాళ్లు వెతికేది మనిషినని అప్పుడు తెలిసింది మాకు.

ప్యాకెట్లన్నీ అక్కడే వంకలో పారబోశాం. ఆ మనిషెవరో, ఏమయ్యాడో ఈరోజుకీ తెలియదు. మా పొట్టేలు ఇంకా ఇంటి ముందే ఉంది. దాన్ని ఆ పేరుతో పిలవడానికి మాత్రం మా ఇద్దరికీ నోరు రాదు.