బాలింత గదికి కాపలా

రాజమండ్రి ఆసుపత్రిలో ప్రసవించిన మా అమ్మాయి మంచం పక్కన నర్సు నీళ్ళ సీసా పెట్టి, "దాహం వేసినప్పుడల్లా తాగండమ్మా, పాలు బాగా పడతాయి" అంది. ఆ సీసా చూడగానే మా పిన్ని ఎండిపోయిన పెదాలు గుర్తొచ్చాయి.

నాకప్పుడు ఏడేళ్ళు. పిన్ని పురిటికి మొగల్తూరులో అమ్మమ్మ ఇంటికి వచ్చింది. మండువేసవిలో తమ్ముడు పుట్టాడు. అమ్మమ్మ ఆమెకు వెల్లుల్లి కారంతో అన్నం పెట్టి, రెండు గుక్కల కాచిన నీళ్ళే ఇచ్చేది. "బాలింత నీళ్ళు తాగితే బిడ్డకి పడిశం పట్టేస్తుందే. నువ్వు గుమ్మంలో కాపలా కూర్చో" అని నాకు చెప్పింది. తమ్ముడి ప్రాణం నా చేతిలోనే ఉందనుకున్నాను.

"ఒక్క గ్లాసుడు తెచ్చిపెట్టవే, మా అమ్మవి కదూ" అని పిన్ని బతిమాలింది. నేను కదల్లేదు. ఆ మధ్యాహ్నం ఆమె, బిడ్డ ఒళ్ళు తుడిచే తడిగుడ్డను నోట్లోకి పిండుకుంటుంటే చూశాను. పరిగెత్తుకెళ్ళి చెప్పేశాను. అమ్మమ్మ వచ్చి ఆ గుడ్డ లాక్కుంది. నన్ను మెచ్చుకుని బెల్లంముక్క పెట్టింది. అదెంత తియ్యగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు పిన్ని మా ఇంటికొస్తే ముందుగా మంచినీళ్ళే ఇస్తాను. తాగుతుంది. ఇన్నేళ్ళలో తనంతట తాను మాత్రం నన్ను ఒక్కసారి కూడా నీళ్ళు అడగలేదు.